ముహూర్తం 11 గంటలకు... ఎండ 44 డిగ్రీలు!

వేసవి పెళ్లిళ్లకు, వేడుకలకు ఏం కట్టుకుంటే హుందాగా ఉంటుంది, ఒంటికి హాయిగా ఉంటుంది?

వైశాఖం, జ్యేష్ఠం వచ్చాయంటే మన ఇళ్లలో శుభలేఖలు గుట్టలు పడతాయి. ఆషాఢం అడుగుపెడితే మంచి రోజులుండవు. బడులు తెరిస్తే చుట్టాలు కదలరు. అందుకే బళ్లారి కానివ్వండి, బరంపురం కానివ్వండి, షోలాపూర్ కానివ్వండి... ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా పెళ్లిళ్లన్నీ నడినెత్తిన ఎండ పెట్టుకునే జరుగుతాయి. మండపంలో ఒక పక్క హోమం పొగ, ఇంకో పక్క వీడియో లైట్ల వేడి, వెనకాల గాడిపొయ్యిల సెగ. ఇన్నిటి మధ్య కిలో బరువుండే పట్టుచీర కట్టుకుని మన ఆడవాళ్లు నిలువునా ఉడికిపోతుంటారు. మగవాళ్లకేం! పంచె, లాల్చీతో సరిపెట్టేస్తారు. అదీ ఎక్కువనిపిస్తే బయట వేపచెట్టు కింద కుర్చీ లాక్కుంటారు. పీటల దగ్గర, హారతి దగ్గర, వడ్డన దగ్గర నిలబడాల్సింది ఆడవాళ్లే.

తేలికపాటి చీరతో వెళ్దామంటే మాట పడాల్సి వస్తుందని భయం. "ఏమ్మా, ఇంట్లో చీరతోనే వచ్చేశావా?" అని ఏ పెద్దమ్మ వరసావిడో అననే అంటుంది. అందులోనూ సరిహద్దు ఊళ్లలో వియ్యాలవారు కన్నడం వాళ్లో, మరాఠీ వాళ్లో, ఒడియా వాళ్లో అయితే చెప్పనే అక్కర్లేదు. వాళ్ల ముందు మన పరువు అంతా చీర బరువులోనే ఉన్నట్టు బీరువాలోంచి ఉన్నవాటిలో బరువైంది బయటికి తీస్తాం. ఫలితం... బీపీ ఉన్న అత్తయ్య భోజనాల వరసలో కళ్లు తిరిగి కూలబడుతుంది. పసిబిడ్డ తల్లి పాలివ్వడానికి చోటు వెతుక్కునే లోపు జాకెట్టు తడిసి ముద్దవుతుంది. ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు, ప్రతి వేసవిలోనూ ప్రతి మండపంలోనూ కనిపించేదే.

మధుపర్కం నూలుదే కదా!

పెళ్లిలో అన్నిటికన్నా పవిత్రమైన చీర ఏది? కంచిపట్టు అనేస్తాం. కానీ అసలు ముహూర్తం వేళకు చాలా తెలుగిళ్లలో పెళ్లికూతురికి కట్టించేది మధుపర్కం. తెల్లటి నూలు చీర, ఎర్రంచు, పసుపు ముట్టించిన చెంగు. జీలకర్ర-బెల్లం దగ్గరో, తలంబ్రాల దగ్గరో... ఇంటి ఆచారాన్ని బట్టి పట్టుచీర మార్పించి మరీ దీన్ని కట్టిస్తారు. షోలాపూర్ వాళ్లకు తెలిసిందే, మరాఠీ పెళ్లిలో గౌరీహర పూజకు పెళ్లికూతురు కట్టే 'అష్టపుత్రి' కూడా పసుపుపచ్చ నూలు చీరే. పెళ్లికూతురికి పనికొచ్చిన నూలు పెళ్లికొచ్చిన వాళ్లకు పనికిరాదా? వైశాఖంలో ముహూర్తాలు పెట్టిన మన పెద్దలకు ఎండ సంగతి తెలియక కాదు.

నూలు మాత్రమే కట్టాలని కాదు, పట్టు వద్దనీ కాదు. ఎప్పుడు ఏది అన్నదే లెక్క. ఇప్పుడు మనం చేస్తున్నది తారుమారు వ్యవహారం. పగటిపూట ముహూర్తానికి దిట్టమైన పట్టుచీర కడతాం, సాయంత్రం ఏసీ హాల్లో రిసెప్షన్‌కు పల్చటి జార్జెట్టో, రాళ్ల పనిచేసిన నెట్టో కడతాం. దీన్ని తిప్పేస్తే సరిపోతుంది. పగలు తేలిక చీర, చల్లబడ్డాక బరువైన పట్టు. అన్నట్టు జార్జెట్టు, నెట్టు చూడ్డానికి పల్చగా ఉన్నా చాలావరకు పాలియెస్టరే. చెమట పీల్చదు, ఒంటికి అంటుకుపోతుంది. పల్చన వేరు, చల్లన వేరు.

పొడి ఎండకు ఒకటి, ఉక్కకు ఇంకొకటి

ఒక ఊరి సలహా ఇంకో ఊరికి పనికిరాదు. రాయచూరు, బళ్లారి, షోలాపూర్, చంద్రాపూర్... ఇవన్నీ పొడి ఎండ ఊళ్లు. చంద్రాపూర్‌లో మే నెలలో 46 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అక్కడ చెమట పుట్టగానే ఆరిపోతుంది, వడగాడ్పు మాత్రం ఒంటిని కాల్చేస్తుంది. కాబట్టి కాస్త నేత దట్టంగా ఉన్న నూలు చీర, మోచేతి దాకా చేతులున్న జాకెట్టు మేలు. ఒళ్లు కప్పుకుంటేనే చల్లన. యానాం, బరంపురం, చెన్నై అలా కాదు. అక్కడ ఎండ నాలుగు డిగ్రీలు తక్కువే అయినా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. అక్కడ కావాల్సింది గాలి చొరబడే పల్చటి నేత. గంజి దట్టంగా పెట్టకూడదు కూడా. ఉక్కలో గంజి మెత్తబడి చీర చప్పబడిపోతుంది, గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. హోసూరు వాళ్లది మాత్రం అదృష్టమే. మూడు వేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తున ఉన్న ఊరు గనుక మే నెలలోనూ పొద్దుటి ముహూర్తానికి కంచిపట్టు భరించొచ్చు.

గద్వాల ఉండగా బెంగెందుకు?

రాయచూరు నుంచి గద్వాల ఎంతో దూరం లేదు. వేసవి పెళ్లికే పుట్టిందా అన్నట్టుంటుంది ఈ చీర. ఒంటి భాగమంతా నూలు, అంచులు, పైట పట్టు-జరీ. నూలు పోగును, పట్టు పోగును మగ్గం మీదే ఒకదానిలో ఒకటి మెలేసి కలుపుతారు. దీన్నే కుప్పడం నేత అంటారు. ఒంటికి తగిలేది నూలు, ఎదుటివాళ్లకు కనపడేది పట్టు! ఫొటోలో చూస్తే పట్టుచీరకు ఏమాత్రం తీసిపోదు. మంచి నేత అయితే మడిచి చిన్న పెట్టెలో పెట్టేయొచ్చు. మామిడిచిగురు రంగుకు మెరూన్ అంచు, గంధం రంగుకు ముదురాకుపచ్చ అంచు... పగటి వెలుగులో ఇలాంటివి బాగా పండుతాయి. పెద్ద పట్టుచీర ఒక్కటి కొనే డబ్బుతో ఇవి రెండో మూడో వస్తాయి. కొత్త పెళ్లికూతురి సారెలో ఒకటి పెడితే ఆ పిల్ల మొదటి వేసవిలోనే తలచుకుంటుంది.

నారాయణపేట చీరది ఇంకో సొగసు. చిన్నచిన్న గళ్లు, కోణాల అంచు, ఎర్రటి పైట. శివాజీ దండుతో వచ్చి ఇక్కడే ఉండిపోయిన నేతగాళ్ల నుంచి ఈ నేత మొదలైందని చెబుతారు. ఆ మాట ఎలా ఉన్నా 'నారాయణపేటి' అంటే మరాఠీ ఇల్లాళ్లకు ప్రాణం. షోలాపూర్‌లో, నాందేడ్‌లో మరాఠీ సంబంధం కలుపుకున్నవాళ్లు ఆ చీరతో వెళ్తే అత్తింటివాళ్లు పేరుపెట్టి గుర్తుపడతారు, ముట్టుకుని చూస్తారు. ఎంత ఖరీదు పెట్టి కొన్నారో చెప్పుకోవాల్సిన పనే రాదు. మర్యాద అంటే అదే కదా, వాళ్లకు తెలిసిన చీరతో వాళ్లింటికి వెళ్లడం.

బళ్లారి, కొప్పళ వైపు వాళ్లకు ఇల్కల్ సంగతి కొత్తగా చెప్పాలా? బాగల్‌కోట జిల్లా ఇల్కల్‌లో నేసే ఈ చీరకు ఎర్రటి పట్టు పైట, దాని మీద తెల్లటి దువ్వెన పళ్ల లాంటి గీతలు. ఒంటి పడుగును, పైట పడుగును 'కొండి' పద్ధతిలో కొక్కేల్లా కలిపి నేస్తారు. ఎరుపు, తెలుపు పైట కనిపిస్తే చాలు, కన్నడ సీమ ఆడవాళ్లు ఇట్టే ఆనవాలు పడతారు. దాని మీద ధార్వాడ కసూతి కుట్టు ఉంటే ఇక వేరే నగ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. ఇప్పుడు బజార్లో దొరికే ఇల్కల్ చీరల్లో ఒంటి భాగం ఆర్ట్ సిల్క్‌వి, పాలియెస్టర్‌వి చాలా వస్తున్నాయి. నిగనిగలాడతాయి, ఎండలో మాడ్చేస్తాయి. "ఒంటి భాగం నూలేనా?" అని గట్టిగా అడిగి తీసుకోండి. ఎర్ర రంగు మొదటి ఉతుకులో దిగుతుంది కూడా, ఉప్పునీళ్లలో విడిగా జాడించాల్సిందే. రాయదుర్గానికి పక్కనే ఉన్న మొళకాల్మూరు పట్టు అందమైనదే, కానీ వెడల్పు అంచులతో అది దిట్టమైన పట్టు. సాయంత్రానికి దాచుకోండి.

గోదావరి అవతల, మహేంద్రగిరి అవతల

చంద్రాపూర్, బల్లార్పూర్, సిరోంచ తెలుగువాళ్లు టస్సర్‌ను మర్చిపోతున్నారు. సిరోంచ ఎదుట గోదావరి దాటితే మహదేవపూర్. టస్సర్ కాయకు, నేతకు పేరున్న ఊరు. టస్సర్ కూడా పట్టే. కానీ పోగు కాస్త గరుకుగా, నేత వదులుగా ఉండటంతో గాలి ఆడుతుంది. తేనె రంగు, లేత గోధుమ రంగు సహజంగానే వస్తాయి గనుక పగటి ఫంక్షన్‌కు కళ్లకు కొట్టినట్టుండదు. పట్టు కట్టుకుని వచ్చామన్న తృప్తీ మిగులుతుంది.

ఒడిశాలో బరంపురానికి 'పట్టు నగరం' అని పేరు రావడానికి తెలుగు మాట్లాడే దేవాంగ నేతగాళ్లే కారణం. అక్కడ వాళ్లను 'డెరా' అంటారు. రెండేళ్లకోసారి ఎండాకాలం మొదట్లో జరిగే బూఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికొచ్చేది ఆ కులపెద్ద దేశిబెహరా ఇంటికే. ఆ పుట్టింటి చీరే బరంపురం పాట. గుడి గోపురాల్లా మెట్లుమెట్లుగా ఉండే అంచును 'ఫోడా కుంభ' అంటారు. ఆడవాళ్లకు చీర, మగవాళ్లకు 'జోడా'. రెండింటికీ కలిపి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గాలు మాత్రం బాగా తగ్గిపోయాయి. జరీ పోయడం తక్కువ గనుక రాత్రి ముహూర్తాలకు భేషుగ్గా ఉంటుంది. పగటి ఉక్కకు మాత్రం అక్కడివాళ్లకు మన పొందూరు ఖద్దరే దిక్కు. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి వడికిన సన్నటి నూలు అది. జరీ అంచు పొందూరు చీర కట్టుకున్న పెద్దావిడ మండపంలో కూర్చుంటే ఆ హుందాతనమే వేరు.

యానాం వాళ్లకు వెతుక్కోవాల్సిన పనే లేదు. కాకినాడ దాటితే ఉప్పాడ, అమలాపురం దాపునే బండారులంక. ఉప్పాడ జాందానీలో బుటా ముందూ వెనకా ఒకేలా ఉంటుంది, వెనక దారాలు వేలాడవు. దానివల్ల ఒంటికి గీసుకోదు, బరువుండదు. పట్టులోనూ నూలులోనూ దొరుకుతుంది. ఎండాకాలానికి నూలు జాందానీ తీసుకోండి. చెన్నై, తిరువళ్లూరు తెలుగువాళ్లకు వెంకటగిరి దగ్గర. 100వ నంబరు నూలుతో నేసిన వెంకటగిరి చీర చేతిలో పట్టుకుంటే ఉందో లేదో తెలియదు. నంబరు పెరిగే కొద్దీ పోగు సన్నం అన్నమాట. వేలూరు, గుడియాత్తం వైపు ఆరణి పట్టు కంచికన్నా తేలిక. కోయంబత్తూరులో పట్టు, నూలు కలిపి నేసే కోవై కోరా ఉంది. మన షాపుల్లో సీకో అని అమ్మేదీ ఇలాంటి కలనేతే.

చీర సరే... లోపల సంగతి?

మంచి నూలు చీర కొని, లోపల పాలియెస్టర్ వేసుకునేవాళ్లు చాలామంది. ఇక ఆ చీర ఏం చేస్తుంది? టైలరు జాకెట్టుకు క్రేప్ లైనింగ్ వేసేస్తాడు. మెరుస్తుంది, కుట్టడం తేలిక. మనం నూలు లైనింగ్ కొనుక్కెళ్లి చేతికివ్వాలి. ఒకసారి తడిపి ఆరేసి ఇవ్వాలి, లేకపోతే ఉతికాక కుంచించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది. పగటి పెళ్లికి మగ్గం వర్క్ జాకెట్టు వద్దనే చెప్తాను. వీపు మీద పూసలు, జర్దోజీ తీగ, లోపల క్యాన్వాస్... చెమటకు అవి గుచ్చుకుని దద్దుర్లు లేస్తాయి. వర్క్ కావాల్సిందేనంటే చేతుల చివర మాత్రం చేయించుకోండి. మంచి టూ బై టూ జాకెట్టుకు పట్టు పట్టీ వేసినా అందమే. చంక దగ్గర ఒక అరంగుళం వదులు పెట్టించడం మర్చిపోవద్దు, ఎండలో ఒళ్లు ఉబ్బుతుంది.

లంగా పాప్లిన్‌దే ఉండాలి. సన్నగా కనపడతామని ఇప్పుడు బిగుతుగా సాగే షేప్‌వేర్ వేసుకుంటున్నారు. గంటా రెండు గంటల రిసెప్షన్‌కు సరే. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా అంటే నడుము దగ్గర ఒరుసుకుపోతుంది. బొందు లంగా అయినా రోజంతా ఒకేచోట బిగిస్తే నల్లటి మచ్చ పడుతుంది. వెడల్పు పట్టీ వేయించుకుంటే ఆ బాధ ఉండదు. పైట కుచ్చిళ్లు పెట్టి పిన్ను గుచ్చాలా, వదిలేయాలా అని అడుగుతుంటారు. వడ్డనలో ఉండేవాళ్లు పిన్ను పెట్టుకోక తప్పదు. కూర్చునేవాళ్లు వదిలేస్తే గాలి ఆడుతుంది, కావాలంటే చెంగుతోనే విసురుకోవచ్చు!

మే 31 సన్మానాలు

పెళ్లిళ్లు ఒక్కటే కాదు. మే 31 వచ్చిందంటే కర్ణాటకలో మన టీచరమ్మలకు, ఆఫీసు ఉద్యోగినులకు పదవీ విరమణ సభలు. ఆ రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు చాలామందికి జూన్ 1 పుట్టినరోజుగా రాసేశారు మరి! ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ముగిసే రోజు, వేదిక మీద రెండు గంటలు కూర్చోవాలి, శాలువా కప్పుతారు, మెడలో గంధపు మాల వేస్తారు. శాలువాకింద బరువైన పట్టుచీర అంటే శిక్షే. ఇక్కడ మంగళగిరి చీర బాగా నప్పుతుంది. ఒళ్లంతా సాదా, అంచున నిజాం జరీ గీత. దూరం నుంచి చూసినా, గ్రూపు ఫొటోలో చూసినా తీరుగా ఉంటుంది. శాలువా ఎక్కువగా ఎర్రదో మెరూన్‌దో ఉంటుంది కాబట్టి చీర లేత రంగుదైతే ముఖం వెలుగుతుంది. మాల తడికి రంగు దిగే చీర మాత్రం ఆ రోజు కట్టొద్దు.

బ్యాంకు మీటింగులు, కాలేజీ స్నాతకోత్సవాలు, ఇంటర్వ్యూలకు చీర కట్టడం రాని అమ్మాయిలు కంగారుపడి పాలియెస్టర్ కోట్లు కొంటున్నారు. మంగళగిరి గుడ్డతో పొడుగు కుర్తా, దానికి నారాయణపేట దుపట్టా, లేదంటే పెడన కలంకారీ... ఏ ఆఫీసులోనూ ఎవరూ వేలెత్తి చూపరు. ఇస్త్రీ మాత్రం ఉండాలి. నలిగిన నూలు నిజంగానే ఇంటిబట్టలా కనపడుతుంది, ఆ విషయంలో పెద్దమ్మలతో నేనూ ఏకీభవిస్తాను.

చిన్నపిల్లల సంగతి మరీ అన్యాయం. ఐదేళ్ల పాపకు నెట్టు గౌను, కింద గొడుగులా నిలబడేందుకు గట్టి క్యాన్‌క్యాన్, పైన రాళ్లు. అన్నం తినే లోపు ఏడుపు. అదే గద్వాలదో నారాయణపేటదో నూలు గుడ్డతో పట్టంచు పరికిణీ కుట్టిస్తే రోజంతా ఆడుకుంటుంది. అమ్మ పాత చీర చింపి కుట్టించినా చాలు.

కొనేముందు ఒక పోగు లాగండి

పేరున్న ప్రతి నేతకూ మరమగ్గం నకళ్లు వచ్చాయి. గద్వాల అని రాసి ఉన్నంత మాత్రాన గద్వాల కాదు. చీర తిరగేసి ఒంటికీ అంచుకూ కలిసే చోటు చూడండి. అసలు దానిలో రెండు రకాల పోగులు మెలిపడిన గీత వెనకవైపు తెలుస్తుంది. ముట్టుకుంటే ఒంటి భాగం ఒకలా, అంచు ఒకలా ఉంటుంది. నకలులో రెండూ ఒకటే గుడ్డ, జారుతుంటుంది. అనుమానం తీరకపోతే చెంగు చివర ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించి చూడొచ్చు. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. పట్టుకు 2004 నుంచి సిల్క్ మార్క్, చేనేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నాయి. ఆ చీటీ ఉందేమో అడగండి. పండగ డిస్కౌంటు బోర్డు చూసి ఆగిపోయే బదులు ఒక ఆదివారం గద్వాలో, ఇల్కలో, ఉప్పాడో వెళ్లి సొసైటీలో, నేతగాళ్ల ఇళ్లలో చూసి కొంటే రంగు, అంచు మనకు నచ్చినట్టు చెప్పి నేయించుకోవచ్చు. దానికి మాత్రం ముహూర్తానికి రెండు నెలల ముందే కదలాలి.

పెళ్లి అయ్యాక ఇంటికొచ్చి చేసే పని ఇంకోటుంది. చెమట చీరను మడిచి కవర్లో కుక్కేయకండి. రాత్రంతా నీడలో, ఫ్యాను కింద దండెం మీద వేలాడనివ్వండి. జరీ మీద సెంటు కొడితే నల్లబడుతుంది, కాబట్టి సెంటు ఏదైనా చీర కట్టక ముందే. ఆరాక పాత మల్లు గుడ్డలో చుట్టి పెట్టండి, కలరా ఉండలు జరీకి తగలనివ్వద్దు. నూలు చీరకైతే పల్చటి గంజి పెట్టి, నీడన ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయించండి. వచ్చే గురువారం ఇంకో పెళ్లి ఉండే ఉంటుంది.